జట్టు అవసరమా, కుర్చీ అవసరమా?

పెట్టుబడిదారీ పోటీకి పట్టుగొమ్మ అయిన అమెరికాలో ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ మాత్రం సమతా సూత్రాన్ని పాటిస్తుంది. గత సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకే కొత్త ఆటగాళ్ల ఎంపికలో తొలి అవకాశం. బలహీనులకు దక్కిన ఆ వరాన్ని ‘జట్టు అవసరం’ అనే హ్రస్వదృష్టి తరచూ మింగేస్తోంది.

1996లో క్లీవ్‌లాండ్ నుంచి బాల్టిమోర్‌కు తరలివచ్చిన రావెన్స్‌కు రన్నింగ్ బ్యాక్ కొరత ఉంది. యజమాని ఆర్ట్ మోడెల్ లారెన్స్ ఫిలిప్స్ వైపు మొగ్గారు. ఎంపిక బాధ్యుడు ఓజీ న్యూసమ్ మాత్రం తన జాబితాలో అగ్రస్థానాన ఉన్న జొనాథన్ ఆగ్డెన్‌నే తీసుకున్నారు. ఆయన ఆడే లెఫ్ట్ టాకిల్ స్థానం ఖాళీగా లేదు. తొలి ఏడాది గార్డ్‌గా ఆడించారు. ఆగ్డెన్ తరవాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. ఫిలిప్స్‌ను తీసుకున్న రామ్స్ 1997లోనే ఆయనను వదిలించుకుంది.

2005లో బ్రెట్ ఫార్వ్ ఉండగానే గ్రీన్ బే 24వ ఎంపికగా ఆరన్ రాడ్జర్స్‌ను తీసుకుంది. మూడేళ్లు బెంచీపై వేచిన ఆయనే 2010 సీజన్‌లో సూపర్ బౌల్ గెలిపించారు.

ప్రతిభను ఎంచినా పొరపాట్లు జరుగుతాయి, నిజమే. కానీ ఒక్క గాయంతో, ఒక్క బదిలీతో జట్టు అవసరాలు తారుమారవుతాయి. కొత్త ఆటగాడి ఒప్పందం నాలుగేళ్లది. మరుసటి సీజన్‌లో ఓడితే కొలువు పోతుందనుకునే శిక్షకుడికి ఆ నాలుగేళ్లతో పనేముంది? ఆయన తీర్చుకునేది కుర్చీ అవసరం. మూల్యం చెల్లించేది జట్టు. ఎన్నికల వేళ టికెట్లు పంచే మన పార్టీలకు ఈ తేడా తెలియనిది కాదు.