ఉత్తరం విప్పే పోస్ట్‌మ్యాన్!

ఏ ఇంటికి ఏ ఊరి నుంచి ఉత్తరం వచ్చిందో పోస్ట్‌మ్యాన్‌కు తెలుస్తుంది. తెలియకపోతే ఆయన పనే జరగదు. కానీ దారిలో కవరు విప్పి చదివి, 'వీళ్లమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు' అని నగల కొట్టుకు కబురు పెడితే? ఊరు ఊరుకుంటుందా?

బ్రిటన్‌లో ఇలాంటి గొడవే జరిగింది. 2007 వేసవిలో అక్కడి బీటీ కంపెనీ బ్రాడ్‌బ్యాండ్ వాడుతున్న ఒకాయన ఓ వింత గమనించాడు. తాను తెరిచిన సైటుకు వెళ్లే ముందు బ్రౌజరు ఎవరిదో తెలియని చిరునామాను పలకరించి వస్తోంది! కంపెనీని అడిగితే తమకేమీ తెలియదని, ఆయన కంప్యూటర్‌కే వైరస్ పట్టి ఉంటుందని జవాబు.

అసలు సంగతి 2008లో బయటపడింది. ఫార్మ్ అనే ప్రకటనల సంస్థతో కలిసి బీటీ 2006, 2007ల్లో రహస్యంగా ప్రయోగాలు చేసింది. మొదటి విడతలోనే దాదాపు 18 వేల మంది చిక్కారు. వారిలో ఒక్కరికీ ముందుగా చెప్పలేదు!

ఎలా పనిచేసేదంటే...

ఫార్మ్ పరికరాలు ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్క్‌లోనే కూర్చుంటాయి. వినియోగదారు చూసే పేజీల్లోంచి ముఖ్యమైన మాటలు ఏరుతాయి. కారు కొనాలనుకునేవారు, విహారయాత్రకు వెళ్లేవారు... ఇలా జట్లుగా విడదీస్తాయి. ఆ తర్వాత తగిన ప్రకటనలు ప్రత్యక్షమవుతాయి. 'పేరూ ఊరూ రాసుకోం, బ్రౌజరుకు ఓ నంబరు ఇస్తాం, అంతే' అన్నది ఫార్మ్ వాదన. కేంబ్రిడ్జి పరిశోధకుడు రిచర్డ్ క్లేటన్ దాని గుట్టు విప్పారు. వినియోగదారు చూస్తున్న సైటే పెట్టినట్టుగా ఆ సైటు పేరు మీద నకిలీ కుకీని బ్రౌజరులో పెడుతోందని తేల్చారు.

సెర్చింజన్లూ ఇదే పని చేస్తున్నాయి కదా అనొచ్చు. కానీ నచ్చని సైటుకు వెళ్లడం మానేయొచ్చు. ఇంట్లోకి వచ్చే తీగను తప్పించుకుని ఎక్కడికి వెళ్లగలం? పైగా ఆ తీగకు నెలనెలా డబ్బు కడుతున్నది మనమే!

వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ కూడా, తనను ఇలా గమనిస్తే కంపెనీ మారిపోతానని 2008లో ప్రకటించారు. క్యాన్సర్ గురించిన పుస్తకాలు వెతికితే ఆ సంగతి బీమా కంపెనీకి చేరి ప్రీమియం పెరగకూడదు కదా అన్నది ఆయన ప్రశ్న. 2009 ఏప్రిల్‌లో అమెజాన్ తన సైట్లను ఈ పథకం నుంచి తప్పించింది. జులైలో బీటీ కూడా తప్పుకుంది.

కోర్టులో శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు. కేసు పెట్టబోమని 2011లో ప్రాసిక్యూషన్ విభాగం చెప్పేసింది. కానీ యూరోపియన్ కమిషన్ ఒత్తిడితో బ్రిటన్ చట్టం మారింది. 'వినియోగదారు ఒప్పుకున్నాడనే అనుకున్నాం' అంటే ఇక చెల్లదు. నిజంగా ఒప్పుకుని ఉండాలి. ఫార్మ్ 2016లో మూతబడింది.

ఇప్పుడు భయం లేదా?

కొంత తగ్గింది. చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ ఉన్న సైట్లలో ఏ పేజీ చదువుతున్నామో, ఏం టైప్ చేస్తున్నామో ఇంటర్నెట్ కంపెనీకి కనిపించదు. ఏ సైటుకు వెళ్లామన్నది మాత్రం సాధారణంగా తెలిసిపోతుంది. కవరు అంటించే ఉంటుంది, పైన చిరునామా కనిపిస్తుంది. రోజూ ఓ ఆసుపత్రి సైటుకు వెళుతున్నారంటే కవరు విప్పకుండానే సంగతి అర్థమవుతుంది కదా!

బ్రౌజరు సెట్టింగుల్లో 'సెక్యూర్ డీఎన్ఎస్' పెట్టుకుంటే ఆ చిరునామా కూడా కొంతవరకు మరుగున పడుతుంది. వీపీఎన్ ఇంకాస్త దాస్తుంది. అయితే అది ఒక పోస్ట్‌మ్యాన్‌ను వదిలి మరొకరిని నమ్మడమే! ఉచితంగా ఇస్తామనేవారి దగ్గర మరింత జాగ్రత్త అవసరం.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమ్మతికే పెద్దపీట వేసింది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి.

కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు స్పీడెంత, నెలకెంత అని అందరూ అడుగుతారు. 'మా బ్రౌజింగ్ వివరాలు ఎవరికైనా ఇస్తారా?' అని కూడా అడగాలి. బ్రిటన్‌లో అంత పెద్ద వ్యవహారం బయటపడింది కూడా, వైరస్ అన్న జవాబుతో సరిపెట్టుకోని వినియోగదారుల వల్లే!