మా గొంతు మాకు కావాలి

సాయంత్రం కరాటే క్లాసు మొదటి రోజు సార్ గుద్దు నేర్పలేదు. "కియాయ్ అని గట్టిగ అరువుండ్రి" అన్నారు. ఒక్కరికీ గొంతు లేవలే. ఆడపిల్ల మెల్లగ మాట్లాడాలె అని చిన్నప్పటి సంది విన్నం గదా!

జపాను భాషలో కరాటే అంటే ఖాళీ చెయ్యి. మా చేతులు ఖాళీయే, గొంతు కూడా ఖాళీగ ఉంటే ఎట్ల?

కరాటే నేర్పితే పిల్లలు ఎదురు మాట్లాడుతరని కొందరంటున్నరు. కాదు, ఆపద వస్తే నలుగురిని పిలుస్తరు. నిజామాబాద్ నిఖత్ జరీన్‌ను వాళ్ల నాయినే బాక్సింగ్‌కు పంపిండు. 2022లో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది.

సర్కారు శిక్షణ 3 నెలలే. తర్వాత కూడా వారానికి రెండు సాయంత్రాలు మాకు గ్రౌండు ఇయ్యాలని వార్డెన్ మేడం గారిని కోరుతున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని, గట్టు