నలుడు, భీముడు, ఓ గ్యాసు పెట్టె

ఆడది గ్యాసు బండ మారిస్తే అది ఇంటిపని. మొగవాడు మారిస్తే ఇంజనీరింగు! ఈ సూత్రం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు గానీ, మన ఇళ్ళలో ఇంతకన్నా గట్టిగా అమలవుతున్న సూత్రం మరొకటి లేదు. కాదంటారా? అయితే అమెరికాలో మా తమ్ముడు కట్టిన పెట్టె సంగతి వినండి.

వాడు డాలస్ దగ్గర ఉంటాడు. ఇంట్లోనే బీరు కాచుకునే సరదా పట్టుకుంది. మన దగ్గరైతే లైసెన్సు లేకుండా కాస్తే ఎక్సైజు వాళ్ళు పట్టుకుపోతారు. అక్కడ 1978లో, కార్టరు ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు, దానికి వీలు కల్పిస్తూ చట్టం చేశారు. అమ్ముకోనంతవరకూ, ఇంట్లో పెద్దమనిషి ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకు మించీ ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. అంటే ఏమిటన్నమాట? మా మరదలు ఒక్క చుక్క ముట్టకపోయినా, ఆ ఇంట్లో ఉన్న పుణ్యానికి మా వాడి వాటా 378 లీటర్ల నుంచి 757 లీటర్లకు పెరిగింది! భార్య వల్ల భర్తకు కలిగే లాభాన్ని ఇంత ఖచ్చితంగా లెక్కగట్టిన చట్టం నేను మరొకటి చూడలేదు.

తాగుడు మంచిదా చెడ్డదా అన్న జోలికి ఇక్కడ పోను. ఆ యుద్ధం 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చేశారు. వాళ్ళ ముందు నా కలం ఎంత! నా తగువు బీరుతో కాదు. ఆ పెట్టెతో.

కాచిన బీరును 19 లీటర్ల స్టీలు పీపాలో పోస్తారు. ఒకప్పుడు సోడా కంపెనీల వాళ్ళు వాడి వదిలేసిన రకం పీపాలు. బీరు కొళాయిలోంచి రావాలంటే లోపల ఏదో ఒకటి దాన్ని తొయ్యాలి. చేతిపంపుతో మామూలు గాలి కొడితే, అందులోని ఆక్సిజను ఒకటి రెండు రోజుల్లోనే రుచి చెడగొడుతుంది. అందుకని, మనం బళ్ళో బొగ్గుపులుసు వాయువని బట్టీపట్టామే, ఆ కార్బన్ డయాక్సైడుతో తోస్తారు. ఇంట్లో దానికి పెద్ద బండ ఉంది. పిక్నిక్కులకు దాన్ని మొయ్యలేక మా వాడు చిన్నది కట్టాడు.

మేకులూ స్క్రూడ్రైవర్లూ పడేసుకునే ప్లాస్టిక్ పెట్టె ఒకటి. అందులో, రంగు గుండ్లతో కాల్చుకునే ఆట ఉందిట, ఆ తుపాకులకు తగిలించే చిన్న బండ. 20 ఔన్సులు, అంటే 567 గ్రాముల వాయువు పడుతుంది. దాని మరకూ రెగ్యులేటరు మరకూ పొత్తు కుదరదు కనుక మధ్యన ఓ ఇత్తడి ముక్క. తరవాత రెగ్యులేటరు, వాషరు, బీరు వెనక్కి ఎగదన్నకుండా ఓ కవాటం, మూడడుగుల గొట్టం, కొసన పీపాకు తగిలించే బూడిదరంగు బిగింపు. గాలి పోయే ముక్కుకు బూడిదరంగు, బీరు వచ్చే ముక్కుకు నలుపు. ఇంకా చిన్నగా కావాలంటే 16 గ్రాముల గుళికలు దొరుకుతాయి గానీ, ఒక గుళిక పీపాలో పావు వంతు తోసి చతికిలబడుతుందిట.

ఇదీ పెట్టె. మూడు శని ఆదివారాలు పట్టింది. స్నేహితులు గృహప్రవేశానికి వచ్చినట్టు వచ్చి, చుట్టూ నిలబడి, "ఏం బుర్రరా నీది!" అన్నారు. వాళ్ళకు బజ్జీలు వేసిపెట్టింది మా మరదలు. బజ్జీల గురించి ఎవరూ ఏమీ అనలేదు.

నేను వెళ్ళినప్పుడు వాడు నాకూ పాఠం చెప్పాడు. "ఇది చాలా టెక్నికల్ అక్కా! బండలో చదరపు అంగుళానికి ఎనిమిది వందల పౌండ్ల పైచిలుకు ఒత్తిడి ఉంటుంది. పీపాకు పది, పన్నెండు చాలు. లోపల ద్రవంగా ఉంటుంది కనుక దాదాపు అయిపోయేదాకా ముల్లు కదలదు. ఎంత మిగిలిందో తూకం వేసే తెలుసుకోవాలి. ఎప్పుడూ నిలువుగా ఉంచాలి. అయిదేళ్ళకోసారి పరీక్ష చేయించాలి, ఆ తేదీ బండమీద గుద్ది ఉంటుంది. బిగించాక సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి."

అమ్మలారా, మీరే చెప్పండి! ఇందులో మనకు తెలియనిది ఏముంది? బండ రాగానే ఖాళీ బరువు ఎంతో చదివి, దానికి 14.2 కిలోలు కలిపి, తూచమని పట్టుబట్టేది ఎవరు? పండగ ముందురోజు బండ కాస్త ఎత్తి చూసి, "ఇంకో నాలుగు రోజులొస్తుంది" అని చెప్పేది ఎవరు? పట్టీమీద ఏ, బీ, సీ, డీ అక్షరం పక్కన ఉన్న సంవత్సరం చూసి, ఏ మూడు నెలల్లో పరీక్ష గడువు తీరుతుందో చెప్పేది, లోపల వాషరు లేని బండను గుమ్మంలోంచే తిప్పిపంపేది ఎవరు? సబ్బునురుగు సంగతి సరేసరి. ఇవన్నీ రోజూ చేసే మనిషిని "మీ ఆవిడ ఏం చేస్తుంటారు?" అని అడిగితే, "ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అంటారు.

ఇంకో మాట. బీరు పులిసేటప్పుడు పైకొచ్చే వాయువూ, ఇడ్లీ పిండిని పొంగించే వాయువూ ఒకటే. మా వాడు ఈస్టుకు చలి తగలకుండా పీపాకు వెచ్చటి పట్టీ చుట్టి, థర్మామీటరు వేలాడదీసి, నోటుపుస్తకంలో రోజుకు రెండుసార్లు రాసుకుంటాడు. మా మరదలు అదే చలికాలంలో పిండిగిన్నె ఓవెన్లో పెట్టి, లోపలి దీపం మాత్రం వేసి ఉంచుతుంది. తెల్లారేసరికి పిండి అంచుదాకా వస్తుంది. నోటుపుస్తకం లేదు కనుక ఆవిడది అలవాటు. పుస్తకం ఉంది కనుక వాడిది శాస్త్రం!

ఇది ఇవాళ్టి జబ్బూ కాదు, అమెరికా జబ్బూ కాదు. యుగయుగాలుగా వండింది ఆడవాళ్ళు. పేరు మాత్రం నలభీమపాకం! నలుడు బాహుకుడి వేషంలోనూ భీముడు వలలుడి వేషంలోనూ ఏదో కష్టకాలంలో కొన్నాళ్ళు గరిటె పట్టారు. అంతే, వంటకు వాళ్ళే శాశ్వత చిరునామా అయిపోయారు. అక్షయపాత్ర కడిగిన ద్రౌపది పేరు మీద పాకం ఏదీ లేదు.

బీరు కథా అంతే. సుమేరియావాళ్ళకు బీరు కాచే దేవత ఉండేది, నింకాసి. ఆవిడమీద క్రీస్తుకు పూర్వం 1800 ప్రాంతపు స్తోత్రం మట్టిపలకలమీద దొరికింది. మధ్యయుగాల ఇంగ్లండులో ఊరూరా కాచి అమ్మింది ఎక్కువగా ఆడవాళ్ళే. బ్రూస్టర్ అనే ఇంటిపేరు మొదట్లో కాచే ఆడమనిషిని పిలిచే మాట. పెట్టుబడులూ వృత్తిసంఘాలూ వచ్చి, అందులో నాలుగు డబ్బులు కనబడ్డాక ఆ పని మొగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. డబ్బు రానంతకాలం అది ఆడవాళ్ళ పనే!

"పోనిద్దురూ, ఏదో సరదా పడుతున్నాడు. పేకాట కన్నా నయం కదా" అంటారు కొందరు. నిజమే, పేకాట కన్నా నయం. సరదా పడొద్దని నేనన్నానా? నాకు ఒళ్ళు మండింది మరోచోట. "ఆ పెట్టె ఎలా ఆపుతారో నీకు తెలుసా?" అని మా మరదలిని అడిగాను. "ఏమో వదినా, నన్ను ముట్టుకోనివ్వరు. ఏ మర ఎటు తిప్పాలో నాకేం తెలుసు?" అంది.

ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. మన వంటగ్యాసుకు కావాలని దుర్వాసన కలుపుతారు, కారితే ముక్కు చెబుతుంది. ఈ వాయువుకు అలాంటి వాసనేమీ ఉండదు. పైగా గాలికన్నా బరువు, కిందనే పేరుకుంటుంది. ఆ చిన్న బండలో వాయువు బయటికొస్తే 300 లీటర్లవుతుంది. మోస్తరు కారు లోపలి ఖాళీ మూడు వేల లీటర్ల చిల్లర. అంటే కారులో గాలిలో ఇంచుమించు పదో వంతు. అంత పాలు ఉంటే మనిషి కొద్ది నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. టెక్సాస్ ఎండకు కారు కాగిపోతే బండలో ఒత్తిడి పెరిగి, అది పేలకుండా కాపాడే పల్చటి రేకు చిరుగుతుంది. ఉన్న వాయువంతా ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ కారులోనే వెనకసీటులో పిల్లలు, ముందు సీటులో ఏ మర ఎటు తిప్పాలో తెలియని తల్లి!

ఇరవై ఏళ్ళు గ్యాసుతో కాపరం చేసి, ఒక్క ప్రమాదం జరగనివ్వని మనిషిని "నీకు తెలియదు, ముట్టుకోకు" అని దూరంగా కూచోబెట్టడం ఏ ఇంజనీరింగు? ఆ ఇంట్లో గ్యాసు భయం ఎరిగిన మనిషి ఆవిడ ఒక్కతే. ఇక అద్దాలు దింపమనీ, పెట్టెను ఎండలో కారులో వదలొద్దనీ చెప్పేవాళ్ళెవరు?

ఆ సాయంత్రమే మా వాణ్ణి పిలిచి, ఆవిడచేత పెట్టె విప్పించి, మళ్ళీ బిగింపించాను. పదకొండు నిమిషాలు పట్టింది. బిగించేముందు వాషరు వేలితో తడిమి చూసి, "ఇది నొక్కుకుపోయిందండీ, మార్చండి" అంది. వాడు మారుమాట్లాడకుండా మార్చాడు. సబ్బునీళ్ళు కూడా ఆవిడే రాసింది.

ఇప్పుడు పిక్నిక్కుకు వెళ్ళేముందు ఆ పెట్టె చూసేది మా మరదలేనని వాడే ఫోనులో చెబుతున్నాడు. వచ్చాక పీపా ఎవరు కడుగుతున్నార్రా అని అడిగాను. లైను సరిగ్గా వినబడటంలేదన్నాడు.