ఇంట కట్టిన కవచము

మన యిండ్లలో పిల్లలను మందలించునపుడు పెద్దలు తరచుగా వాడు మాటలలో "వేషాలు వేయకు" అనునది యొకటి. వేషమనగా బూటకమనియు, వేషగాడనగా నమ్మదగనివాడనియు ఆ మాటలో నొక తీర్పు దాగియున్నది. కాని ఆ పెద్దలే సురభివారి నాటకములో కృష్ణుని కిరీటమును చూచి చేతులు జోడించినవారు. పగటివేషగాండ్రు వీథిలోనికి వచ్చినపుడు అరుగు దిగివచ్చి చూచినవారు. వేషమును మెచ్చుట, వేషము వేసినవానిని చులకన చేయుట మనకు క్రొత్త కాదు. నేడు ఆ చులకన మరియొక తరముమీద పడుచున్నది. వీడియో గేములలోని పాత్రల వేషములను ఇంటిలో తమ చేతులతో తయారుచేసికొని, వాటిని ధరించి కామిక్ కాన్ వంటి సమావేశములకు పోవు యువతీయువకుల గూర్చి మేము చెప్పుచున్నాము.

ఈ వినోదమునకు "కాస్‌ప్లే" అని పేరు. కాస్ట్యూము, ప్లే అను రెండు ఆంగ్లపదములను జపానువారు తమ పలుకుబడికి తగినట్లు కుదించి 1980 దశకమున ఈ మాటను వాడుకలోనికి తెచ్చిరి. మాట జపానువారిదే కాని అలవాటు అంతకంటె పాతది. 1939లో న్యూయార్కు నగరమున మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ మహాసభ జరిగినపుడు ఫారెస్ట్ ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అను నిరువురు భావికాలపు మనుష్యులవలె దుస్తులు ధరించి వచ్చిరి. ఆ దుస్తులను తయారుచేసినది డగ్లస్. కావున ఈ విద్య మొదటినుండియు ఇంటి కుట్టుపనియే. మన దేశమున కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో ఆరంభమై, 2013లో హైదరాబాదునకు వచ్చినది.

కోటి విద్యలు కూటికొరకే యని మనవారి సామెత. కూడు పెట్టని ఈ విద్యకు నెలల తరబడి రాత్రుల నిద్ర, చేతిలోని డబ్బు వెచ్చించుట యెందులకని తలిదండ్రులు అడుగుచున్నారు. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఆ పని యెట్టిదో తెలిసికొనుట న్యాయము.

ఒక్క పాత్రను తీసికొందము. 1986లో జపానుదేశపు నింటెండో సంస్థ "మెట్రాయిడ్" అను ఆటను విడుదల చేసినది. అందలి ప్రధానపాత్ర పేరు సామస్ ఆరన్. ఆ పాత్ర ఆట పొడుగునను నిలువెల్ల కవచము ధరించి యుండును. ఆటను త్వరగా ముగింపగలిగిన వారికి మాత్రమే చివర కవచము తొలగి, లోపల నున్నది స్త్రీ యని తెలియును. 1991లో దీని రెండవ ఆట రంగులులేని గేమ్‌బాయ్ యంత్రముపై వచ్చినది. పాత కవచమునకును, క్రొత్త కవచమునకును గల భేదమును రంగుచేత చూపు వీలు లేకపోవుటచే, క్రొత్త కవచమునకు భుజములను పెద్ద గోళములుగా గీసిరి. 1981లో పుట్టిన మేరియో పాత్ర కథయు నిట్టిదే. ఆనాటి తెరమీద చుక్కలు కొద్ది. జుట్టు గీయు కష్టము తప్పించుకొనుటకు టోపీ పెట్టిరి. ముక్కు స్పష్టముగా తెలియుటకు మీసము పెట్టిరి. తెరకు గల పేదరికమే ఆ పాత్రలకు రూపురేఖలైనది.

ఇప్పుడొక విద్యార్థిని సామస్ వేషము కట్టదలచెననుకొందము. గోళమువంటి భుజముతో చేయి పైకెత్తుట యెట్లు? తెరమీద ఒక పలక మరియొక పలకలోనికి చొచ్చుకొనిపోయినను అడుగువారు లేరు. మనుష్యుని మోచేయి అట్లు ఊరకుండదు. కవచపు బొమ్మ కుర్చీలో కూర్చుండనక్కరలేదు, మెట్లెక్కి దాహమునకు నీరు త్రాగనక్కరలేదు. వేషము కట్టిన పిల్లకు ఇవన్నియు కావలెను. చిత్రకారుడు తలపెట్టని ప్రశ్నలకు సమాధానములు ఆమె కనిపెట్టవలెను.

అందులకు ఆమె చేయు పని యిది. మొదట చేతికి, మొండెమునకు పలుచని ప్లాస్టిక్ పొరను చుట్టి, దానిపై కాగితపు టేపు అంటించి, కవచపు గీతలను ఆ టేపుపై గీయును. పిదప దానిని జాగ్రత్తగా కత్తిరించి తీసి బల్లపై పరచినచో ఒంటికి సరిపడు కొలత దొరకును. ఆ కొలత ప్రకారము ఈవీఏ ఫోమును కోయవలెను. పసిపిల్లలు ఆడుకొను మెత్తని చాపలు, చెప్పుల అట్టలు ఈ పదార్థముతో చేసినవే. అది బ్లేడును త్వరగా మొద్దుచేయును. మొద్దుబ్లేడు కోయక చింపును. గోళము కావలెనన్న ఫోమును బత్తాయి తొనలవలె కోసి, అంచులను ఏటవాలుగా చెక్కి, ఒకదాని కొకటి అతుకవలెను. చెప్పులు కుట్టువారు వాడు సొల్యూషనును రెండు అంచులకును రాసి, తడి ఆరువరకు ఓపికపట్టి, అపుడు కలిపి నొక్కవలెను. తొందరపడినచో అతుకు నిలువదు. వంకరగా కలిపినచో మరల విడదీయుట కష్టము. వేడిగాలి యంత్రముతో కాచినపుడు ఫోము వంగును, దాని పైరంధ్రములు మూసికొనును. అటుపై పూత, రంగు, రంగుపై పాత ఇనుము రంగు తేలునట్లు వెండిపొడి మెరుగు. ఇన్ని దశలు గడచిన పిమ్మట మెత్తని చాప లోహకవచముగా కంటికి కనబడును.

చివర ఒక చిక్కు మిగిలియున్నది. సామస్ కుడిచేయి ఫిరంగిగొట్టములో నుండును. ఆ గొట్టము తొడిగిన తరువాత మిగిలిన కట్లు బిగించుకొనుటకు ఒక్కచేయి చాలదు. తల్లియో, తమ్ముడో వెనుక నిలిచి పట్టీలు బిగింపవలెను. ఎందులకీ పిచ్చి యన్న యింటివారే చివరకు "ఇక్కడ పట్టీ చాలలేదు, అంగుళము పెంచు" అని సలహా చెప్పు దశకు వత్తురు. ఒక పని ఇంటిల్లిపాదిని ఒకచోట కూర్చుండబెట్టుట నేటి దినములలో చిన్న లాభము కాదు.

ఇట్టి పని మనకు పరాయిది కాదని గ్రహించుట మంచిది. చిందు భాగవతులు తేలిక కొయ్యతో కిరీటములు, భుజకీర్తులు చేసికొని ధరించిరి. భుజకీర్తులకు అంత పరిమాణ మెందులకు? దీపపు వెలుతురులో, దూరమున కూర్చున్నవానికి కూడ వచ్చినవాడు రాజని ఒక్కచూపున తెలియవలెను గదా! రంగులేని చిన్నతెరమీద సామస్ భుజములు పెరుగుటకును కారణ మిట్టిదే. పగటివేషములలో అర్ధనారీశ్వరుని వేషగాడు ఒకే దేహమున సగము శివుడుగను, సగము పార్వతిగను అలంకరించుకొని, తెరచాటున ఒక సగమును దాచి మరియొక సగమును చూపును. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున కీచకవధ నాటకముతో ఆరంభమైన సురభి సమాజములలో తెరలు, దుస్తులు, మాయాదృశ్యములు కుటుంబములవారు స్వయముగా కల్పించుకొనినవే. వీరిని నేటి పిల్లలతో సమానము చేయుట మా యుద్దేశము కాదు. వారికది జీవనము; వీరికిది వినోదము. కాని ఎంత రంగు పూసినను చేతిపనిలోని లోపము దాగదను ధర్మము ఇరువురికిని ఒక్కటే.

ఆ ధర్మమునకే నేడు లోటు వచ్చుచున్నది. డబ్బు చెల్లించినచో సిద్ధముగా కుట్టిన వేషము ఇంటికి వచ్చి చేరును. కొని ధరించుట తప్పని మేమనము. సంతోషించు హక్కు అందరికిని కలదు. అయితే కొన్న వేషమును, కట్టిన వేషమును ఒకే వేదికమీద నిలిపి, మెరుపు చూచి బహుమతి యిచ్చుట అన్యాయము. అనేక పోటీలలో వేషమున అధికభాగము పోటీదారు స్వయముగా చేసినదై యుండవలెననియు, తయారీదశల ఛాయాచిత్రములు చూపవలెననియు నిబంధన కలదు. ఈ నిబంధన లేనిచోట వెంటనే చేర్చవలెను. ఉన్నచోట గట్టిగా అమలుజరుపవలెను. న్యాయనిర్ణేతలు వేదిక దిగివచ్చి అతుకులను దగ్గరగా చూడవలెను, ఈ వంపు ఎట్లు తెచ్చితివని అడుగవలెను. త్రీడీ ప్రింటరును వాడినవారిని వెలివేయ నక్కరలేదు. యంత్రమునుండి వచ్చిన ముక్కను రుద్ది, పూసి, అతికి మెరుగుపెట్టుటయు శ్రమయే. ఏది యంత్రము చేసినది, ఏది తాను చేసినది నిజాయితీగా చెప్పిన చాలును. క్రొత్తవారికి ప్రత్యేకముగా ఒక విభాగ ముండుట అవసరము. మొదటిసారి ఎఱ్ఱటోపీ, నీలిదుస్తులు కుట్టుకొని మేరియోగా వచ్చిన పిల్లవాడు పదేండ్ల అనుభవశాలి కవచముతో పోటీపడవలసిన పని లేదు.

మరియొక మాట ప్రేక్షకులకు. వేషము ధరించిన ఆడపిల్ల బొమ్మ కాదు. అనుమతి లేక ఛాయాచిత్రము తీయుట, కవచము గట్టిదా యని తట్టిచూచుట, భుజముపై చేయి వేయుట అమర్యాద. "కాస్‌ప్లే అనగా సమ్మతి కాదు" అను హెచ్చరికను 2014లో న్యూయార్కు కామిక్ కాన్‌లో పెద్ద అక్షరములతో ప్రదర్శించిరి. ఆ హెచ్చరిక మన ఊళ్లలోను ప్రతి ద్వారమునొద్ద నుండవలెను. అది మాటగా మిగిలిపోకుండ, ఫిర్యాదు చేసిన వెంటనే చర్య తీసికొను బాధ్యత నిర్వాహకులది. కవచము లోపల స్త్రీ ఉన్నదని తెలిసినపుడు 1986లో ఆటగాండ్రకు కలిగినది ఆశ్చర్యము. నేడు ఆ స్థానమున గౌరవము కలుగవలెను.

యువకులకును రెండు మాటలు చెప్పక తప్పదు. సొల్యూషను ఆవిరి తలకెక్కును, ఊపిరితిత్తులకు చెరుపు చేయును. తలుపులు మూసిన గదిలో అతుకుపని, వేడిపని కూడదు. ఫోమును రుద్దునపుడు ముక్కునకు ముసుగు తప్పదు. బ్లేడును ఒంటివైపు లాగరాదు. ఫోము గాలి ఆడనీయదు గనుక తల తొడుగు తీసి నీరు త్రాగు వేళలు ముందే ఏర్పరచుకొనవలెను. చేతిలోని ఫిరంగి ఎంత నిజమనిపించినను దారిలో ఎవ్వరిని బెదరింపరాదు. దానిని సంచిలో చుట్టి తీసికొనిపోవుట మేలు. అన్నిటికంటె ముఖ్యము, అప్పుచేసి వేషము కట్టరాదు.

ఇక తలిదండ్రుల ప్రశ్న. ఈ విద్య అందరికిని కూడు పెట్టునని మేము చెప్పజాలము. సినిమా కళాశాఖకో, దుస్తుల శాఖకో ఒకరిద్దరు పోవుదురేమో. మిగిలినవారు ఇంజనీర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులగుదురు. కాని కొలత తీయుట, తప్పిన ముక్కను పారవేసి మరల కోయుట, జిగురు ఆరువరకు కూర్చుండుట నేర్చినవాడు ఏ యుద్యోగమునకు పోయినను ఆ నేర్పును వెంట తీసికొనిపోవును. సిద్ధవస్తువులను కొనుటకే అలవాటుపడిన కాలమున, ఒక వస్తువు ఎట్లు పుట్టునో తన వ్రేళ్లతో తెలిసికొన్న పిల్లవానిని మందలించుటకు మనకు తొందర యేల? ఈసారి ఇంటి మూలలో ఫోముముక్కలు, రంగుడబ్బాలు కనబడినపుడు, ఎందులకని గద్దించుటకు ముందు ఎట్లు చేసితివని అడుగుడు. చెప్పుటకు వారియొద్ద చాల ఉన్నది.