ఫోన్ మార్చే ముందు ఒక ఏతాం కట్టండి

షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఏ ఫోన్ కొనమంటారు?" నా జవాబు చాలామందికి నచ్చదు. చేతిలో ఉన్న ఫోన్ శుభ్రంగా 4కె తీస్తుంటే దాన్నే ఉంచుకోండి. కొత్తదాని కోసం దాచిన డబ్బులో కొద్దిగా తీసి ఒక క్రేన్ కట్టుకోండి. పాతిక వేల ఫోన్‌కీ, అరవై వేల ఫోన్‌కీ పగటి వెలుగులో ఉండే తేడా యూట్యూబ్‌లో చూసేవాడికి పెద్దగా తెలీదు. కెమెరా నేల మీంచి మెల్లగా లేచి మనిషి తల దాటి వెళ్తే మాత్రం ఎవరికైనా తెలుస్తుంది.

సామాన్లు లేక సినిమా ఆగిపోదని చెప్పడానికి సాక్ష్యాలు బోలెడు. 1981లో వచ్చిన 'ఈవిల్ డెడ్' కోసం సామ్ రైమీ టీమ్ కెమెరాని ఓ చెక్కకి బిగించి, చెరో వైపు పట్టుకుని పరిగెత్తింది. మన దగ్గర 2011లో రామ్ గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ని కానన్ 5డీ కెమెరాలతో ఐదు రోజుల్లో తీసేశారు. సినిమా ఎలా ఉందన్నది వేరే గొడవ. చిన్న కెమెరాని ఎక్కడైనా పెట్టొచ్చన్నది అందులో మనకి పనికొచ్చే పాయింట్. ఇప్పుడు మన జేబులో ఉన్నది దానికంటే చాలా తేలిక.

ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, ట్రిపుల్ ఐటీ ఉంది. కెమెరా పిచ్చి ఉన్నవాళ్లకి కొదవుండదు, వెల్డింగ్ షాపులకీ కొదవ లేదు. అసలు ఈ ప్రాంతానికి క్రేన్ కొత్తేమీ కాదు. తాతల నాడు నుయ్యి పక్కన ఉండే ఏతాం ఇదే. మధ్యలో ఆధారం, ఒక చివర నీళ్ల బాన, దూలం మీద అటూ ఇటూ నడిచే మనిషే బరువు. బాన తీసి ఫోన్ పెట్టండి, మనిషి బదులు ఇసుక కట్టండి, అంతే.

లెక్క కూడా ఎనిమిదో తరగతిదే. ఎనిమిది అడుగుల అల్యూమినియం చదరపు పైపు తీసుకుని, ఆధారానికి ముందు ఆరడుగులు, వెనక రెండడుగులు వదిలారనుకోండి. ఫోన్, క్లాంపు, హెడ్ కలిపి కిలో ఉంటే వెనక మూడు కిలోలు కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. పైపుకీ బరువుంది కదా! అది కిలోన్నర ఉంటే, దాని మధ్యభాగం ఆధారానికి రెండడుగులు ముందుంటుంది కాబట్టి వెనక ఇంకో కిలోన్నర పడాలి. మొత్తం నాలుగున్నర కిలోలు. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు, అరకిలో ఇసుక మూట ఒకటి. ఒక్క వేలితో లేపితే లేచి, వదిలేసిన చోటే ఆగిందా, లెక్క కుదిరినట్టే.

పీవీసీ పైపుతో మాత్రం వద్దు. ఆరడుగుల పొడవులో అది వంగుతుంది, ఆగినప్పుడల్లా ఊగుతుంది. ఆ ఊపు ఫుటేజ్‌లో తెలిసిపోతుంది. పెద్ద పైపు కింద దానికి సమాంతరంగా ఇంకో సన్న రాడ్డు వెయ్యండి. రెండు చివర్లా బోల్టుల మధ్య దూరం ఒకేలా ఉంటే, చేయి ఎంత ఎత్తుకెళ్లినా ఫోన్ అదే కోణంలో చూస్తుంది. అది లేకపోతే పైకెళ్లేకొద్దీ ఫోన్ ఆకాశం చూస్తుంది. పక్కకి తిప్పడానికి పాత సైకిల్ ముందు చక్రం హబ్ చాలు, లోపల బేరింగులు ఎలాగూ ఉంటాయి. స్టాండ్ మాత్రం ఇనుపదే. ఆన్‌లైన్‌లో దొరికే తేలికపాటి ట్రైపాడ్ మీద దీన్ని పెడితే ఫోన్ పోయినట్టే.

ఫోన్ సెట్టింగుల్లో రెండు విషయాలు. ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఆపెయ్యండి, కదలిక మొదలైనప్పుడూ ఆగినప్పుడూ అది ఫ్రేమ్‌ని కుదిపేస్తుంది. స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యండి. లేదంటే నేల నుంచి ఆకాశంలోకి వెళ్లేసరికి మనిషి మొహం నల్లబడిపోతుంది.

"ఇదంతా ఎందుకు, డ్రోన్ ఉంది కదా" అంటారు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. కానీ 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది. పైగా నటుడి మొహానికి రెండడుగుల దూరంలో డ్రోన్ తిప్పితే డైలాగు వినపడదు, జుట్టు ఎగిరిపోతుంది. గింబల్ చేతి వణుకు ఆపుతుంది కానీ మిమ్మల్ని తొమ్మిదడుగుల మనిషిని చెయ్యదు.

ఒక్క విషయంలో మాత్రం సరదాలొద్దు. కరెంటు తీగలున్న వీధిలో ఈ పైపు ఎత్తకండి. అల్యూమినియం అది. ఇంకోటి, కింద నటులుంటారు కాబట్టి ఫోన్‌కి ఒక తాడు, బరువులకి ఒక తాడు అదనంగా కట్టాలి. బరువులు తీసే ముందు ఫోన్ తీసెయ్యాలి. ఈ వరస తప్పితే ముందు చేయి ధడేలున కిందికొస్తుంది.

క్రేన్ ఉంది కదా అని ప్రతి సీనూ పైకి లేపితే అది పెళ్లి వీడియో అవుతుంది. బుడగట్లపాలెం ఒడ్డున పడవ కోసం చూసే అమ్మ కథ అనుకోండి. ఇసకలో ఆమె పాదాల దగ్గర మొదలై, భుజం దాటి లేచి, ఖాళీ సముద్రం చూపించి ఆగితే ఆ ఒక్క షాట్ చాలు. గాలి పెరగకముందే, పొద్దున్నే తీసుకోండి.

ఎనిమిదడుగుల పైపు ఆటోలో పట్టదు, బస్సులో కండక్టర్ ఒప్పుకోడు. వెల్డింగ్ షాపులోనే దాన్ని నాలుగేసి అడుగులుగా కోయించి, లోపల అడుగు పొడవు స్లీవ్, రెండు బోల్టులు పెట్టించేయండి.