చెల్టెన్‌హాం పందెములు: అశ్వహృదయమా, అక్షహృదయమా?

భారతకథలో నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున నుండగా, రాజును ఒక్క దినములో విదర్భకు జేర్పవలసి వచ్చెను. అప్పుడతడు చూపునకు బక్కచిక్కిన గుఱ్ఱములనే యేఱి రథమునకు బూన్చెను. రాజు వానిని జూచి సంశయించెను గాని, ఆ గుఱ్ఱములే గాలిని గెలిచి పోయినవి. ఆ ప్రయాణముననే ఋతుపర్ణుడు నలునకు అక్షహృదయము నుపదేశించి, ప్రతిగా అశ్వహృదయమును గోరెను. మొదటిది పాచిక నెఱుగు విద్య. రెండవది గుఱ్ఱము నెఱుగు విద్య. ఈ రెండును ఒకటి కావని మన పూర్వులు చక్కగా గుర్తించిరి. నేటి పందెపు లోకము మాత్రము రెంటిని గలిపి, పణము గెలిపించినది గొప్ప గుఱ్ఱమనియు, పణము పోగొట్టినది పనికిమాలినదనియు నొక్క నిమిషములో దీర్పు చెప్పుచున్నది.

2025వ సంవత్సరము మార్చి 11వ తేది మొదలు 14వ తేది వఱకు ఇంగ్లండులోని చెల్టెన్‌హాం పట్టణమున జరిగిన ఉత్సవము ఈ పొరపాటును మఱల బయల్పఱచినది. నాలుగు దినములలో 28 పందెములు నడచినవి. హైదరాబాదున మలకుపేట మైదానమున మనవారు చూచునవి చదునునేలపై వేగమును శోధించు పందెములు. చెల్టెన్‌హాం పందెములు వేఱు. ఇచట గుఱ్ఱము పరుగెత్తుటయే గాక దాటవలయును; దాటుటయే గాక, దాటిన పిమ్మట ఎత్తునేల నెక్కి గమ్యమును జేరవలయును. 1752లో ఐర్లండు దేశపు కార్కు ప్రాంతమున ఇరువురు పెద్దమనుష్యులు ఒక దేవాలయ శిఖరమునుండి మఱియొక దేవాలయ శిఖరమువఱకు గట్టులు, కంచెలు దాటుచు గుఱ్ఱములను దోలిరనియు, స్టీపుల్‌ఛేజి యను పేరు దానివలన గలిగెననియు జెప్పుదురు. వేగము, దాటు నేర్పు, ఓర్పు అను మూడింటిలో ఏ యొక్కటి లోపించినను ఈ విద్యలో నెగ్గు లేదు.

ఉత్సవమునకు దలమానికమైనది గోల్డుకప్పు. దూరము 3 మైళ్ల రెండున్నర ఫర్లాంగులు, కంచెలు 22. మగగుఱ్ఱములన్నియు సమానముగా 11 స్టోనుల 10 పౌనుల బరువు మోయును గనుక దీనిని నిష్పక్షపాతమైన తులాదండమని చెప్పవచ్చును. 2023, 2024 సంవత్సరములలో దీనిని గెలిచిన గాలోపాఁ దే షాం వరుసగా మూడవసారి గెలుచునని అత్యధికులు నమ్మిరి. వరుసగా మూడు మాఱులు గాని అంతకుమించి గాని గెలిచిన గుఱ్ఱములు చరిత్రలో నాలుగే: 1932 మొదలు అయిదేండ్లు గెలిచిన గోల్డెన్‌ మిల్లరు, ఆపై కాటేజి రేకు, ఆర్కిలు, బెస్ట్‌మేటు. అయిదవ పేరు చెక్కుటకు శిల్పులు సిద్ధముగా నుండగా, ఇనోదవేయుయర్‌థింకిన్‌ అను ఏడేండ్ల గుఱ్ఱము దానిని 6 గుఱ్ఱపు పొడవుల దూరమున నోడించినది.

ఈ గుఱ్ఱపు పూర్వచరిత్రము గమనింపదగినది. అదే ఫిబ్రవరిలో లెపర్డ్‌స్టౌనున జరిగిన ఐరిషు గోల్డుకప్పులో గాలోపాఁ మొదటిది కాగా, ఇది నాలుగవది. దాని పేరు చెల్టెన్‌హాం గోల్డుకప్పు పట్టికలోనే లేదు. యజమానియగు మెక్‌మేనసు 25,000 పౌండ్లు చెల్లించి కడపట జేర్పించెను. ఆఱు వారములలో నాలుగవది మొదటిదగుట మాయ కాదు. దూరము పెరిగినది, కడపటి యెత్తునేల వచ్చినది, ఓర్పే ప్రధానమైన పరీక్షలో ఓర్పుగల గుఱ్ఱము నెగ్గినది. శిక్షకుడు గావిన్‌ క్రామ్‌వెల్‌ చూచినది అశ్వహృదయము; లెపర్డ్‌స్టౌను ఫలితమును మాత్రమే చదివినవారు చూచినది అక్షహృదయము.

అంతమాత్రమున గాలోపాఁ పని ముగిసినదని చెప్పుట అన్యాయము. ఆనాడు కంచెలయొద్ద దాని మునుపటి పొందిక కానరాలేదు. అయినను అది రెండవ స్థానమును విడువలేదు. ఏప్రిల్‌ నెలాఖరున పంచెస్‌టౌనులో అదే గుఱ్ఱము 22 పొడవుల దూరమున గెలిచి, మార్చి మాసపు మరణశాసనము వ్రాసినవారికి దగిన యుత్తర మిచ్చినది. మా తీర్పిది: చెల్టెన్‌హాం కొండమీద ఆ దినమున ఇనోదవేయుయర్‌థింకిన్‌ మేటి, మూడేండ్ల నిలుకడను దూచినచో గాలోపాఁ మేటి. ఈ రెండు వాక్యములకును విరోధము లేదు.

రెండు మైళ్ల చాంపియన్‌ ఛేజిలో మెరీన్‌ నాసియొనాల్‌ 18 పొడవుల దూరమున గెలిచినది. అంకె జూచి మురియుటకు ముందు దాని లోపలి సంగతి విచారింపవలయును. అందఱు నమ్మిన జాన్‌బాను నడుమ నొక కంచెయొద్ద ఘోరముగా దప్పటడుగు వేసి వెనుకబడినది. గెలుపు గుఱ్ఱముతో సరిసమానముగా వచ్చుచుండిన క్విలిక్సియోస్‌ కడపటి కంచెయొద్ద పడిపోయినది. కావున ఆ 18 పొడవులు గెలిచినదాని బలమునకే గాక ఇతరుల దురదృష్టమునకును కొలతయే. గెలుపు మాత్రము నిస్సందేహము. తప్పు చేయకుండుటయు ఈ విద్యలో నొక బలమే గదా! జాన్‌బాను మరుసటి మాసముననే ఎయిన్‌ట్రీ యందు మెల్లింగు ఛేజిని గెలిచినది. చెల్టెన్‌హాం ఉత్సవమున 2022, 2023, 2025 సంవత్సరములలో మూడు మాఱులును రెండవదైన ఆ గుఱ్ఱమును అపజయమునకు మాఱుపేరుగా జెప్పుట ధర్మము కాదు.

ఆ బుధవారపు గెలుపు వెనుక నొక దుఃఖము గలదు. 2023లో ఇదే గుఱ్ఱమును చెల్టెన్‌హాంలో గెలిపించిన యువక రౌతు మైకేల్‌ ఓసల్లివన్‌, 2025 ఫిబ్రవరిలో థర్ల్సు మైదానమున బడి, కొలదిదినములకే 24వ యేట మరణించెను. 2023లో నతడు గెలిపించిన జాజీ మాటీ యను మఱియొక గుఱ్ఱమును ఆ బుధవారముననే గెలిచినది. జనులు చేసిన జయధ్వనిలో రోదనము గూడ గలసియుండెను. పందెపుచీటి చేతబట్టినవాడు పోగొట్టుకొనునది ధనము. రౌతు పణముగా నొడ్డునది ప్రాణము.

రయనైరు ఛేజిలో ఫాక్ట్‌ టు ఫైల్‌ 9 పొడవుల దూరమున గెలిచిన తీరు ఉత్సవము మొత్తముమీద మిగుల నిర్మలమైనదని మా యభిప్రాయము. ఇదియు లెపర్డ్‌స్టౌనున గాలోపాఁ చేతిలో నోడినదే. మూడు మైళ్లకు మించిన దూరమునుండి సుమారు రెండున్నర మైళ్లకు దీనిని మరలించిన శిక్షకుడు విల్లీ మల్లిన్సు వివేకము మెచ్చదగినది. తగిన దూరమున నిలుపబడని గుఱ్ఱము, తగని యుద్యోగమున నియమింపబడిన విద్వాంసునివంటిది. కొత్త గుఱ్ఱముల ఆర్కిలు ఛేజిలో అదే శిక్షకుని మాజ్‌బరో ఎల్లర నమ్మకమును వహించియు, ఒక్క కంచెయొద్ద చేసిన పెద్ద తప్పువలన మూడవస్థానమునకు దిగినది. గెలుపు జాంగో బాయీ పాలాయెను.

హర్డిళ్లు ఛేజి కంచెలకంటె చిన్నవి; అయినను మొదటి దినపు చాంపియన్‌ హర్డిలును విడుచుటకు వీలులేదు. అంతవఱకు పది పందెములలో బదియు గెలిచిన కాన్‌స్టిట్యూషన్‌ హిల్‌ నడుమ బడిపోయినది. ముందటియేటి విజేత స్టేట్‌ మాన్‌ ముందంజలో నుండి కడపటి హర్డిలువద్ద గూలినది. ఒకటికి ఇరువదియైదు చొప్పున పలికిన గోల్డెన్‌ ఏస్‌ గెలిచినది. ఇది దొరికిన గెలుపని పలువురు చప్పరించిరి. తరువాతి ఋజువులను జూతము. పంచెస్‌టౌనులో స్టేట్‌ మాన్‌ గెలువగా గోల్డెన్‌ ఏస్‌ రెండవది. కాన్‌స్టిట్యూషన్‌ హిల్‌ అయిదవది. ఎయిన్‌ట్రీలోను, 2025 నవంబరులో న్యూకాసిలులోను కాన్‌స్టిట్యూషన్‌ హిల్‌ మఱల బడినది. కావున స్టేట్‌ మాన్‌ పాటు దురదృష్టమనవచ్చును. కాన్‌స్టిట్యూషన్‌ హిల్‌ పాటు రాబోవు దానికి సూచన. గోల్డెన్‌ ఏస్‌ మహావీరురాలు కాకపోవచ్చును గాని బిచ్చమెత్తి గెలిచినది కాదు. సోమర్సెట్టులోని చిన్న శాలనుండి వచ్చిన యీ ఆడుగుఱ్ఱము నిలువబడినది, ఘనులు పడిరి.

ఇక దేశముల లెక్క. 1989లో ఈ ఉత్సవమున ఐర్లండు శిక్షకులకు ఒక్క గెలుపైనను దక్కలేదు. 2021లో 28 పందెములలో 23, 2025లో 20 వారివే. తమ్ము బహుకాల మేలిన జాతి ముంగిటనే, ఆ జాతి తనదిగా నెంచుకొన్న విద్యలో వారిని మించుట ఐరిషువారి పట్టుదలకు దార్కాణము. అయితే ఆ యిరువదిలో పది గెలుపులు ఒక్క మల్లిన్సు శాలవి. తరువాత ఎయిన్‌ట్రీ గ్రాండు నేషనలులో మొదటి మూడు స్థానములును ఆ శాలవే. ప్రతిభను నిందింపరాదు, కాని మేలైన గుఱ్ఱములన్నియు కొలదిమంది ధనికులకడను, ఒకటి రెండు శాలలలోను జేరినచో పోటీ పేరునకే మిగులును. 2022లో 2,80,000 మించిన ప్రేక్షకుల సంఖ్య 2025లో సుమారు 2,19,000లకు దిగినది. దీనికి కారణములు పెక్కులుండవచ్చును. ఫలితము ముందే తెలిసిన పందెమును జూచుటకు జనులు దూరదేశములనుండి రారనునది వానిలో నొకటి కాదా?

అన్నిటికంటె గురుతరమైన మాట తుదకు జెప్పవలసియున్నది. గోల్డుకప్పును గెలిచిన యజమానిదే యైన కార్బెట్స్‌ క్రాస్‌ అను గుఱ్ఱము అదే పందెమున బడి ప్రాణము గోల్పోయినది. అది 2024లో ఇదే ఉత్సవమున గెలిచిన గుఱ్ఱము. విజయగాథల నడుమ దాని పేరు రెండు పంక్తులలో ముగిసిపోయినది. నిర్వాహకు లూరకున్నారని మేము చెప్పము. గుఱ్ఱముల కన్నులకు నారింజవన్నె స్పష్టముగా దోపదని పరిశోధనమున దేలగా, కంచెల గుర్తులను తెలుపునకు మార్చిరి. 2024 నుండి గ్రాండు నేషనలు గుఱ్ఱముల సంఖ్యను 40 నుండి 34కు దగ్గించిరి. ఇవి మంచి పనులే గాని చాలినవి కావు. రౌతు తన ప్రాణాపాయము నెఱిగి జీనుపై నెక్కును. గుఱ్ఱమునకట్టి యెంపిక లేదు. నోరులేని ప్రాణి సమ్మతి లేకయే దాని ప్రాణము నొడ్డువారు, దానికి కావలివారై యుండుట కనీస ధర్మము.

కావున ఇట్టి ఉత్సవముల ఫలితములను ప్రకటించునపుడు గెలిచినవాని పొడవులతోపాటు పడినవానిని, గాయపడినవానిని, మరణించినవానిని గూడ అదే పుటలో, అదే పరిమాణపు టక్షరములతో నచ్చొత్తవలయును. ప్రతి మరణమునకును కారణము విచారించి, ఏ కంచెయొద్ద, ఏ నేలపై, ఎంత వేగమున సంభవించెనో లోకమునకు దెలుపవలయును. గుఱ్ఱముల బలాబలములను నిర్ణయించుట వినోదము. వాని క్షేమమునకు లెక్క చెప్పుట బాధ్యత. వినోదము బాధ్యతను మ్రింగివేసిన దినమున ఆ మైదానమున మిగులునది జూదము మాత్రమే.