డోలు పక్కన ఒక హాజరు పట్టీ

మాఘమాసం వచ్చేసరికి ఖమ్మం చుట్టుపక్కల మిర్చి చేలు ఎర్రబడతాయి. కోతలకు ఉన్న మనుషులు చాలరు. భద్రాచలం అడవులు దాటి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా కూలీలు దిగుతారు. రెండేళ్లకోసారి మేడారం జాతర కూడా అటూ ఇటూగా ఆ రోజుల్లోనే వస్తుంది. కోయల ఇలవేల్పుల కథలు పాడే డోలి కళాకారుడికి రెండూ ఒక్కసారే మీద పడతాయి. చేనుకు వెళ్తే ఇంటికి కూలి డబ్బు వస్తుంది, డోలు భుజానికెత్తుకుంటే కథ బతుకుతుంది. ఆ తర్వాత ఇప్పపువ్వు ఏరే రోజులు. ఎండలు ముదిరితే తునికాకు తెంపి, యాభై ఆకులకో కట్ట కట్టి కల్లానికి చేర్చాలి. తొలకరి పడితే విత్తనాలు. ఇన్నిటి మధ్య ఆయన సాధన ఎప్పుడు చెయ్యాలి, పిల్లలకు ఎప్పుడు నేర్పాలి?

నగరంలోని చిత్రకారులు కూడా ఇదే బాధ చెప్పుకుంటారు. పొద్దున కాలేజీలో పాఠాలు, సాయంత్రం ఇంటి పనులు, బొమ్మ ముందు కూర్చునేసరికి అర్ధరాత్రి. వాళ్ల కష్టాన్ని తక్కువ చెయ్యనక్కర్లేదు. కాకపోతే వాళ్లకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది, ఒక గది ఉంటుంది, తరగతిలో శిష్యులుంటారు. అడవి అంచున ఉన్న కళాకారుడికి ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. ఆయన స్టూడియో ఇంటి ముందు వసారాయే.

2022లో ఆ వసారాల్లో ఒకదానికి పద్మశ్రీ వచ్చింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యది ఆ ఇల్లు. (గోదావరి, శబరి కలిసేచోట ఆంధ్రప్రదేశ్ వైపు ఇంకో కూనవరం ఉంది. ఇది అది కాదు.) కంచుమేళం, కంచుతాళం కళాకారుడిగా ప్రభుత్వం ఆయన్ను గుర్తించింది. సమ్మక్క సారలమ్మలు, పగిడిద్దరాజు, గరికామారాజు, నాగులమ్మ వంటి వీరుల, వేల్పుల కథలు ఆయన నోటనే ఉండేవి. కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. పురస్కారం వచ్చినప్పుడు జిల్లా అంతా పండగ చేసుకుంది, పత్రికల్లో ఫొటోలు పడ్డాయి, రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ప్రకటించింది. 2024 జూన్ 23న రామచంద్రయ్య కన్నుమూశారు. పురస్కారానికీ మరణానికీ మధ్య ఉన్నది రెండున్నరేళ్లు. ఒక బడిలో వారానికి రెండు పూటలు ఆయన్ను కూర్చోబెట్టి, పిల్లల చేతికి తాళాలిచ్చి నేర్పించుకోవడానికి ఆ కాలమే సరిపోయేది.

నేర్చుకోవలసింది తక్కువేమీ కాదు. డోలివారి విద్యలో పాట ఒక భాగం మాత్రమే. రెండోది పడిగె. అది పొడవుగా, త్రికోణంగా కోసిన గుడ్డ. దాని మీద రంగురంగుల గుడ్డ ముక్కలను మనుషులుగా, జంతువులుగా కత్తిరించి కుట్టి ఉంటారు. దూరం నుంచి చూస్తే జెండాలా ఉంటుంది. దగ్గరికి వెళ్తే అంచు మడత, దాని వెంట వరస కుట్టు, ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య వదిలిన ఖాళీ కనిపిస్తాయి. ఆ బొమ్మల వెంట కళ్లు నడిపిస్తూ గాయకుడు కథ చెప్తాడు. కోయల్లో గోత్రాల గుంపును గట్టు అంటారు. మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఎవరి వేల్పులు వాళ్లకున్నారు, ఎవరి పడిగె కథ వాళ్లకుంది. ఒక తెగ తన పుట్టుపూర్వోత్తరాలను కాగితం లేకుండా గుడ్డ మీదా, గొంతులోనూ దాచుకున్న తీరు ఇది. గుడ్డను మ్యూజియంలో అద్దాల వెనక పెట్టొచ్చు. దాన్ని చదవగలిగే మనిషిని మాత్రం బతికుండగానే నిలుపుకోవాలి.

ఇదివరకు ఆ మనిషిని ఊళ్లే పోషించేవి. ఇలవేల్పులకు కొలుపు జరిపించే కోయ కుటుంబాలు డోలివారికి ధాన్యం కొలిచేవి. అది దానం కాదు, పనికి కట్టిన విలువ. పోడు తగ్గి, పత్తీ మిర్చీ పెరిగి, చేతికి డబ్బు వచ్చే సేద్యం అలవాటైనకొద్దీ గాదెలో గింజలతో నడిచిన ఆ ఏర్పాటు సడలిపోయింది. పాత జీతం పోయింది, కొత్త జీతం రాలేదు. ఇప్పుడు మనం ఇస్తున్నవి సన్మానాలు. శాలువా మంచిదే, పింఛను ఇంకా మంచిది. అయితే రెండూ కళాకారుడి వయసు మళ్లాక వచ్చేవే. నలభయ్యేళ్ల మనిషి మిర్చి చేనుకు వెళ్లాలా, డోలు పట్టాలా అని తేల్చుకునే రోజున అవి అక్కరకు రావు. ఆ రోజున ఆయనకు కావలసింది కొలువు.

ఈ మాటకు తెలంగాణలోనే మంచి ఉదాహరణ ఉంది. సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925-2012) ప్రభుత్వ బడిలో డ్రాయింగ్ మాస్టారు. బోనాలు, బతుకమ్మ, వడ్డెర స్త్రీలు ఆయన కుంచెకెక్కింది ఆ ఉద్యోగం చేస్తుండగానే. సొంత ఊరు వదిలి వెళ్లే అవసరం రాలేదు కాబట్టే ఆ ఊరి మనుషులు ఆయన బొమ్మల్లో నిలిచారు. అక్కడే లలిత కళా సమితి పెట్టి మరికొందరికి దారి చూపారు. డ్రాయింగ్ మాస్టారి జీతం పెద్దదేమీ కాదు. ఒక చిత్రకారుణ్ణి ఊళ్లో నిలబెట్టడానికి ఆ చిన్న జీతమే సరిపోయింది.

భద్రాచలం నుంచి గోదావరి వెంట కిందికి వెళ్తే రాజమహేంద్రి వస్తుంది. దామెర్ల రామారావు అక్కడ చిత్రకళాశాల పెట్టి 1925లో, ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే పోయారు. వరదా వెంకటరత్నం వంటి సహచరులు ఆ పనిని కొనసాగించారు. నేర్పిన చోటు ఉంది కాబట్టి మనిషి పోయినా పని ఆగలేదు.

డోలివారికి మరీ దగ్గరి బంధువులనిపించేవాళ్లు మధ్యప్రదేశ్‌లో ఉన్నారు. గోండుల కథలు పాడే పరధాన్లకు కూడా ఆసామీల ఇళ్ల నుంచే ధాన్యం అందేది. వాళ్ల చేతిలో డోలుకు బదులు బానా అనే తీగ వాద్యం ఉంటుంది. వాళ్ల ఊళ్లలోనూ ఆ పోషణ సన్నగిల్లింది. 1980ల మొదట్లో భోపాల్‌లో భారత్ భవన్ కళాకేంద్రం కడుతున్నప్పుడు చిత్రకారుడు జె.స్వామినాథన్ పంపిన బృందం పాటన్‌గఢ్ అనే పల్లెలో ఒక గోడ మీద బొమ్మ చూసి ఆగింది. దాన్ని గీసింది జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే పరధాన్ కుర్రవాడు. స్వామినాథన్ అతన్ని భోపాల్ తీసుకొచ్చారు. భారత్ భవన్ గ్రాఫిక్ విభాగంలో పని ఇప్పించారు. ఆ జీతంతో జన్‌గఢ్ ఇల్లు పెట్టుకున్నాడు. ఆ ఇంటికి ఊరి నుంచి తమ్ముళ్లు, మేనల్లుళ్లు, మరదళ్లు వచ్చి చేరారు. అతని బొమ్మల్లో చుక్కలు నింపుతూ తామూ చిత్రకారులయ్యారు. భోపాల్‌లో రాత్రి కాపలా పని చేసిన భజ్జూ శ్యామ్ అలా వచ్చినవాడే. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ పరధాన్లలోనే ఒకరైన దుర్గాబాయి వ్యామ్‌కు పద్మశ్రీ వచ్చిన ఏడాది 2022. సరిగ్గా రామచంద్రయ్యకు వచ్చిన ఏడాదే. అక్కడ ఒక మనిషికి ఇచ్చిన ఉద్యోగం నలభయ్యేళ్లలో ఒక చిత్రకళా సంప్రదాయమైంది. ఇక్కడ ఒక మనిషికి ఇచ్చిన పతకం ఆయనతోనే ఇంట్లో ఉండిపోయింది.

జన్‌గఢ్ కథలో చీకటి కూడా ఉంది, దాన్ని దాటవెయ్యకూడదు. 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో, అయినవాళ్లకు అంత దూరంలో బొమ్మలు వేస్తూ అతను ప్రాణం తీసుకున్నాడు. కళాకారుణ్ణి మట్టి నుంచి పెళ్లగించి పేరు తెచ్చిపెడితే చాలదు. అందుకే డోలి కళాకారుడి కొలువు హైదరాబాద్‌లో కాదు, మణుగూరులోనో, దుమ్ముగూడెంలోనో, చర్లలోనో, ఆయన నడిచి వెళ్లగలిగిన బడిలోనే ఉండాలి.

బడులకు కొదవ లేదు. భద్రాచలం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలో ఆశ్రమ పాఠశాలలున్నాయి, గురుకులాలున్నాయి, వాటిలో కోయ పిల్లలే ఎక్కువ. చట్టమూ ఉంది. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూలు ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న ప్రతి బడికీ కళా విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. ఆ బోధకుడి కుర్చీలో డోలి కళాకారుణ్ణి కూర్చోబెట్టడానికి అడ్డమొచ్చేది అర్హత పత్రమే. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్ ఆయన దగ్గర ఉండవు. ఉండవలసిన పనీ లేదు. పడిగెలో ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వస్తుందో తెలిసినవారికి ఆ పరీక్ష పెట్టగలిగిన అధికారి ఎవరున్నారు? గిరిజన ప్రాంతాలకు ఒక సడలింపు ఉత్తర్వు ఇస్తే ఈ ముడి విడిపోతుంది.

ఇలవేల్పు కథను తరగతి గదిలోకి తెస్తే పవిత్రత పోతుందన్న భయం పెద్దల్లో ఉండొచ్చు. అది గౌరవించవలసిన భయం. పూజలో ఉండే పడిగెను బడికి తేవాలని ఎవరూ అడగకూడదు. పిల్లలు పాత గుడ్డల మీద కత్తిరింపు, కుట్టు నేర్చుకోవచ్చు. తాళం, నడక, కథలోని పేర్లు నేర్చుకోవచ్చు. ఏది బడిలో చెప్పాలో, ఏది కొలుపులోనే ఉంచాలో గీత గీసే హక్కు ఆ కుటుంబాలది, పాఠ్యప్రణాళిక రాసేవారిది కాదు.

ఉద్యోగం పేరుతో ఆయన రోజంతా మింగేసినా కళ మిగలదు. డ్రాయింగ్ మాస్టారు లేని పీరియడ్‌కు పంపడం, జెండా పండక్కి స్టేజీ కట్టించడం, మంత్రి వస్తే డోలు కొట్టించడం, ఇవన్నీ అలవాటుగా వచ్చి పడే పనులు. ఉత్తర్వులోనే రాసి ఉండాలి: వారానికి మూడు పూటలే బడి, మిగతాది సొంత సాధన. వేసవి సెలవుల నెలలకూ జీతం. కొలుపుల రోజులూ జాతర రోజులూ డ్యూటీ కిందే లెక్క. డోలు ఆరబెట్టుకోవడానికి, తాళ్లు బిగించుకోవడానికి, పడిగె నేల మీద పొడవుగా పరచుకోవడానికి తడి తగలని ఒక గది.

జాతరకూ జాతరకూ మధ్య రెండు బడి సంవత్సరాలుంటాయి. ఒక జాతర అయ్యాక ఆరో తరగతిలో చేరిన పిల్ల, మళ్లీ జాతర వచ్చేసరికి ఎనిమిదికి చేరువవుతుంది. అప్పటికి పగిడిద్దరాజు కథలో మొదటి ఘట్టం ఆమెకు నోటికి వచ్చి ఉంటుంది. డోలు మోసే పెద్దాయన వెనక, మిర్చి చేను గట్టు మీదుగా, చేతిలో కంచుతాళాలతో ఆమె నడవొచ్చు.